జనవరి పాట

నా గొంతు గురించి విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్లో ఒక మాట ఉంది. కొండలరావు పాట ఎత్తుకుంటే గట్టు మీద కాకులు లేచిపోతాయి, గచ్చు మీద చేపలు లేచి కూర్చుంటాయి అంటారు. అందులో సగం అబద్ధం. చేపలు లేవవు.

నేను పాటగాణ్ణి. పెళ్ళిళ్ళలో పాడే రకం కాదు, వేలంపాట రకం. బోటు జెట్టీకి తగలగానే సరుకు సిమెంటు గచ్చు మీద కుప్పలు పోస్తారు. చుట్టూ బేరగాళ్ళు, మధ్యలో నేను. రాగం లేదు, తాళం లేదు, పల్లవి ఒక్కటే: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అని అరచేతిలో గుద్దానంటే పాట కొట్టేసినట్టే. ఇక సముద్రం ఎండిపోయినా ఆ మాట మారదు. మా నాన్న ఈ పని నాకు అప్పజెబుతూ రెండే సంగతులు చెప్పాడు. కొట్టేసిన పాట మళ్ళీ తెరవకు. మొదటి పాటకి ఎప్పుడూ కొట్టెయ్యకు, పైపాట వస్తుంది, ఆగు.

ముప్పయ్యేళ్ళు ఆ రెండూ తప్పలేదు. ఈ కథ ఆ ముప్పయ్యేళ్ళది కాదు. పోయిన వేసవిలో వేట నిషేధం నడిచిన అరవై ఒక్క రోజులది. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ఏటా ఏప్రిల్ మధ్యనుంచి జూన్ మధ్యదాకా మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. పెళ్ళిళ్ళూ, ఇంటి రిపేర్లూ, ఆసుపత్రులూ అన్నీ మావాళ్ళు ఆ రెండు నెలల్లోకే తోస్తారు. వేటకి సెలవు కాబట్టి మిగతా వేట్లన్నీ అప్పుడే పడతాయి.

మా ఇంటి మీద వేటు నిషేధం మొదలైన రెండోరోజునే పడింది.

మా ఆవిడ కాసులమ్మకి పదేళ్ళుగా షుగరు. ఒంట్లో ఎంత షుగరున్నా మాటలో మాత్రం ఉప్పే. నా పాటలో చేపలు కొని, ఐసు కొట్టి, బుట్టకెత్తుకుని, ఆటోలో స్టీలు ప్లాంటు వాళ్ళ ఉక్కునగరం పోయి సెక్టార్లలో అమ్ముతుంది. ఎడమ కన్ను సంక్రాంతి వెళ్ళిన వారంలోనే మసకబారింది. మా అమ్మాయి ధనశ్రీ పరవాడలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. అది సెలవు పెట్టి తల్లిని కంటాసుపత్రికి లాక్కెళితే, వెనకాల నేనూ వెళ్ళాను.

డాక్టరు మంచివాడు. మెల్లగా చెప్పాడు. "ఎడమ కన్ను ఇక రాదండి. కుడి కంట్లోనూ లోపల రక్తం చిమ్ముతోంది, లేజరు చేశాం. నిలబడితే ఏడాది నిలబడొచ్చు. లేదంటే నెలలోనే పోవచ్చు. చెప్పలేం. ఆవిడ చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే వాయిదా వెయ్యకండి."

"ఎడమ కన్ను పోతే పోయింది బాబూ," అన్నాను నేను. "నన్ను పెళ్ళిచూపులప్పట్నించీ కుడికంటితోనే చూస్తాది, ఎడమ కన్ను పక్కింటోళ్ళ మీద."

డాక్టరు నవ్వలేదు. కాసులమ్మ నవ్వింది. ధనశ్రీ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

తిరుగు ఆటోలో బీచిరోడ్డు మలుపు తిరిగాక కాసులమ్మ సముద్రం వైపు మొహం పెట్టి అంది, "మావా, నాకు మంచు సూడాలనుంది."

"దానికేటే! సంకురాత్రికి తెల్లారి హార్బరుకి రా. బోలెడు మంచు, దారి కూడా కనబడదు."

"ఆ మంచు కాదు. టీవీలో పడతాది సూడు, దూదిలాగ. ఆ మంచు."

"పెళ్ళయిన కొత్తలో స్నో డబ్బా కొనిచ్చినాను కదే."

"అది రాసుకున్నా నల్లగానే ఉన్నాను," అని, ఆటోవాడు నవ్వేదాకా ఆగి, తన రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టింది. వేళ్ళ కొసలు తెల్లగా, చర్మం చిట్లి, నానిపోయిన కాగితంలా ఉంటాయి. "ఇవి సూడు. ఐసు దిమ్మలు కొట్టినాను, మోసినాను, సేపల మీద సల్లినాను. ముప్పయ్యేళ్ళు నాను ఐసుకి కూలిదాన్ని. ఒక్కపాలి, ఎవులూ కొనకుండా, ఎవులూ కొట్టకుండా, దానంతటదే పైనించి పడే ఐసు సూడాల. మంచు లేకపోతే కొండలు సూసినా సాలు."

"కొండలే కదా! నా పేరేటి? కొండల్రావు. అయి రావు. మనమే ఎల్లాల."

"మరెప్పుడెల్దుం?"

అదీ ప్రశ్న. ఎప్పుడు వెళ్ళాలి. ఆ ప్రశ్న చుట్టూ నేను నెల రోజులు గెంతాను.

ఎక్కడికి అన్నది ఒక్క పూటలో తేలింది. గుల్‌మార్గ్ అన్నారు ఒకరు. పేరులోనే ఉంది, జేబు గుల్ల అయ్యే మార్గం, వద్దన్నాను. మనాలి అన్నారింకొకరు. మన ఆలితో వెళ్ళేదే మనాలి కదా అని నాకు మనసైంది గానీ, కాసులమ్మకి ఆ మలుపుల బస్సులు పడవు. సిమ్లాకి బొమ్మరైలుందని ధనశ్రీ చెప్పింది. సిమ్లాలో సిమ్ము పనిచేస్తుందో లేదో కనుక్కోమని చెప్పి సరే అన్నాను.

ఎప్పుడన్నది తేల్చడానికి ఉమాశంకర్‌గారు దొరికారు. ఆయన స్టీలు ప్లాంటులో ఉద్యోగి. గోదావరి జిల్లానుంచి వచ్చి ఉక్కునగరంలో పాతికేళ్ళుగా ఉంటున్నారు. కాసులమ్మ దగ్గర తప్ప ఇంకొకరి దగ్గర చేప కొనని మనిషి. ఎల్టీసీ మీద ఇండియా మొత్తం తిరిగేశారు. సెక్టారులో ఎవరు ఊరెళ్ళాలన్నా ముందు ఆయన గుమ్మం ఎక్కుతారు. కాసులమ్మ రెండు వారాలుగా రావడం లేదని, ఏమైందోనని, ఒక ఆదివారం పొద్దున్న స్కూటరు మీద మమ్మల్ని వెతుక్కుంటూ హార్బరుకే వచ్చారు.

అప్పుడు మేమంతా వలలు కుట్టే షెడ్డులో ఉన్నాం. బోట్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి. మా బావ అర్జునరావు, బోటు డ్రైవరు, కాళ్ళు చాపుకుని కూర్చుని బొటనవేలికి వల తగిలించి కుడుతున్నాడు. ధనశ్రీకి సెలవు. కాసులమ్మ చద్దన్నం, ఎండుచేపల పులుసు తెచ్చింది.

ఉమాశంకర్‌గారు వలల కుప్ప మీద జాగ్రత్తగా కూర్చుని, సంగతి విని, వేళ్ళు మడిచారు. "చూడండి కొండలరావుగారూ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాతావరణం చాలా బావుంటుందండి. కొండలు చక్కగా కనిపిస్తాయి, తోటలన్నీ పువ్వులు. కానీ ఊళ్ళో మంచు ఉండదండి. జులై, ఆగస్టు వానలు. కొండచరియలు పడతాయి, వద్దే వద్దు. అక్టోబరులో ఆకాశం అద్దంలా ఉంటుంది, మంచుకొండలు దూరంగా తెల్లగా మెరుస్తాయి. పడే మంచు చూడాలంటే మాత్రం డిసెంబరాఖరు, జనవరేనండి. అయితే..."

ఆయన 'అయితే' దగ్గర ఆగి నీళ్ళు తాగారు. నాకు అంత అవకాశం చాలు. చేపల ట్రే ఒకటి బోర్లించి దాని మీదికెక్కాను.

"రండి బాబూ రండి! నెలలు పాటకి పెట్టేత్తన్నాను! సిమ్లా సరుకు! డబ్బుల్లో కాదు, కారణాల్లో పాడాల! ఎవులి కారణం పెద్దదైతే ఆలదే నెల! ఏది, మొదటి పాట?"

"ఇప్పుడే," అంది కాసులమ్మ, పులుసు గిన్నె మీద మూత పెడుతూ.

"కారణం?"

"కారణమేటి. కన్నుంది."

ఒక్క క్షణం వల కుట్టే చెయ్యి కూడా ఆగింది. నిశ్శబ్దం నాకు పడదు. పాటలో నిశ్శబ్దం వస్తే రేటు పడిపోతుంది. "ఇప్పుడే అంటన్నాది కాసులమ్మ! మొదటి పాట! పైపాట ఎవులిది?"

"జూన్ ఒకటో వారం బావా!" అన్నాడు అర్జునరావు. "వలలు అయిపోతాయి, నానూ వత్తాను. నువ్వు తప్పిపోతే ఎతకడానికి ఒకడుండాల కదా."

"జూన్! అర్జునరావుది జూన్!"

"నాన్నా, అమ్మ పాట మీద పాటెందుకు?" అంది ధనశ్రీ. "కొట్టెయ్ ఇంక."

"మొదటి పాటకి కొట్టీడం మన ఇంటా వంటా లేదమ్మా! ఉమాశంకర్‌బాబు! తమరిది?"

ఆయన ఇబ్బందిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంచు పడుతుండగా చూడాలంటే మటుకు జనవరి అండి. కానీ..."

ఆ 'కానీ' తరవాత ఏముందో నాకు తెలీదు. అప్పటికే నా గొంతు షెడ్డు రేకులు మోగిస్తోంది. "జనవరి! కారణం, మంచు! ఒకటోసారి! దీని మీద ఎవులన్నా ఉన్నారా? రెండోసారి! ఉన్నారా బాబూ?" నేను కాసులమ్మ వైపు చూశాను. ఆమె నావైపే చూస్తోంది, తల కొంచెం పక్కకి తిప్పి, కుడికన్ను నా మీద ఉండేలా. "మూడోసారి!"

అరచేతిలో గుద్దాను. అందరూ నవ్వారు. పక్క షెడ్డువాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. కాసులమ్మా నవ్వింది. "నీ గొంతు ముందర నా పాటెక్కడ ఇనబడతాది మావా," అని అందరికీ అన్నం పెట్టింది.

ఆ సాయంత్రం ధనశ్రీ నన్ను గుమ్మంలో నిలబెట్టింది. "నాన్నా, టిక్కెట్లు నేను తీస్తాను. ఈ వారమే. ఏటంటావ్?"

"ఇప్పుడెల్తే కొండలే ఉంటాయి. మంచు ఉండదు. అంటే సగం సరుకు. సగం సరుకు సూపించి సొమ్ము తీసుకోడం నా వల్ల కాదు."

"డాక్టరు నెల అన్నాడు."

"ఏడాది అని కూడా అన్నాడు."

అది "నీకు ఎప్పుడూ పెద్ద అంకే ఇనబడతాది," అని లోపలికి వెళ్ళిపోయింది.

నిజమే. పదిమంది పది అంకెలు అరుస్తుంటే పాటగాడి చెవి పెద్దదాన్నే పట్టుకుంటుంది. అది నా విద్య. నా చెవిని చూసి నేను చాలాకాలం గర్వపడ్డాను.

మే నెల గడిచింది. విశాఖపట్నంలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గాలి కూడా చెమటపట్టి ఆగిపోతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం ఉమాశంకర్‌గారు ఎల్టీసీ స్వెట్టర్లు ఒక సంచీ నిండా పంపించారు. మరూన్ రంగు స్వెట్టరు, ఉన్ని చేతితొడుగులు, కోతిటోపీ. నేను ఇంటికొచ్చేసరికి కాసులమ్మ అవన్నీ తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉంది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మొహమంతా చెమట ధారలు. టోపీలోంచి కళ్ళూ ముక్కూ మాత్రం కనబడుతున్నాయి.

"ఎలగున్నాను?"

"చలికి భయపడిన చెలిలాగున్నావ్."

"బాగున్నానా, లేదా? అది సెప్పు."

"నిన్ను సూసి మంచే కరిగిపోతాది. తియ్యెహె, సచ్చిపోతావ్ ఉడికిపోయి."

ఆమె తియ్యలేదు. అద్దం దగ్గరికి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. "మావా, అద్దం మీద మరకుంది. తుడు."

చూశాను. అద్దం మీద మరక లేదు. ఆ పొద్దున్నే ధనశ్రీ తుడిచింది.

"ఉంది ఉంది," అన్నాను. భుజం మీద తువ్వాలు తీసి ఆ శుభ్రమైన అద్దాన్ని గట్టిగా తుడిచాను. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది," అంది.

ఇద్దరం అద్దంలోకి చూస్తూ నిలబడ్డాం. ఆ మరక ఎక్కడుందో నాకు తెలుసు. తెలుసని నాకు నేను చెప్పుకోలేదు. జనవరికి ఇంకా ఏడున్నర నెలలు అని మాత్రం లెక్కపెట్టుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర మరీ ఎక్కువ మాట్లాడాను. ఏం మాట్లాడానో ఒక్కటీ గుర్తులేదు.

జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోయింది. బోట్లకి పసుపు రాసి, కొబ్బరికాయలు కొట్టి, ఇంజన్లు వేసుకుని వెళ్ళారు. రెండు నెలలు పడుకున్న హార్బరు ఒక్కసారి లేచి ఒళ్ళు విరుచుకుంది. నాలుగోరోజు తెల్లారి అర్జునరావు బోటు నిండా సరుకుతో జెట్టీకొచ్చింది. సీజను మొదటి పాట. జాతరకొచ్చినట్టు జనం వచ్చారు.

కాసులమ్మ కూడా వచ్చింది. రెండు నెలల తరవాత బుట్ట పట్టింది. గంధం రంగు చీర, నెత్తి మీద చుట్టకుదురు. పక్కన ఆమె చిన్నాన్న కూతురు చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చేపని కొనేవాళ్ళు ముందు దాని కన్ను చూస్తారు. కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉంటే సరుకు తాజా. మసకబారితే నిన్నటిది. లోపలికి పోతే ఇంకా పాతది. హార్బర్లో ఆ చూపు కాసులమ్మకున్నంత ఎవరికీ లేదు. గచ్చుకి అవతల నిలబడి, నడుం వంచకుండానే, ఈ కుప్పలో పైవరస నేటిది, కిందవరస మొన్నటిది అని చెప్పేసేది. బేరగాళ్ళు ఆమె ఏ కుప్ప దగ్గర ఆగుతుందో చూసి అక్కడికి చేరేవాళ్ళు.

చందువల కుప్ప పోశారు. వెండి పళ్ళేల్లా ఉన్నాయి. నేను పాట ఎత్తుకున్నాను. ముప్పై మంది బేరగాళ్ళు కాసులమ్మ ఆగే చోటు కోసం చూస్తున్నారు.

కాసులమ్మ ముందుకొచ్చింది. కుప్ప ముందు కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. చెయ్యి చాచి ఒక చేప తీసింది. దాని కన్ను చూడలేదు. బొటనవేలితో మొప్ప పైకెత్తి, ముక్కుకి దగ్గరగా పెట్టుకుని వాసన చూసింది. పక్కకి పెట్టి ఇంకోటి తీసింది. అదీ అంతే.

నేను పాట పాడుతూనే ఉన్నాను. నోరు దాని పని అది చేసుకుపోతోంది.

ఆమె లేచి నిలబడి తన రేటు చెప్పింది. తక్కువ రేటు. ఎప్పుడూ తక్కువతోనే మొదలెడుతుంది, నేను పెంచుతానని తెలుసు.

"ఒకటోసారి రెండోసారి మూడోసారి," అన్నాను ఒక్క ఊపిరిలో. అరచేతిలో గుద్దాను.

హార్బరంతా గొల్లుమంది. "అన్యాయం బావా! పెళ్ళానికి ఉత్తినే ఇచ్చీసినావు!" అని అరిచాడు అర్జునరావు బోటు మీంచి. "మొదటి పాటకే కొట్టీడమేటి!" అని ఇంకెవరో. అందరూ నేనేదో అంటానని, నవ్వుదామని నోళ్ళు తెరుచుకుని చూశారు. నేను తరవాతి కుప్ప దగ్గరికి నడిచాను.

పాటలన్నీ అయ్యాక ఆమె ఐసు పెట్టె మీద కూర్చుని ఉంది. చందువల మీద ఐసు చల్లుతోంది. చేతులు వాటంతట అవే తెలిసినట్టు చల్లుతున్నాయి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నించి?"

ఏమిటి ఎప్పట్నించి అని అడగలేదు. "టోపీ పెట్టుకున్నానే, ఆ రోజు మొదలైనాది. నల్లగా, తెరలాగ. పూర్తిగా మూసీసి పది రోజులైనాది. ఎలుగైతే ఎలుగని తెలుస్తాది. నువ్వు ఇటేపున్నావని తెలుస్తాది."

"ఎందుకు సెప్పనేదు?" "నెల్లాళ్ళుంది కదే. ఎల్లిపోదుం కదా. కొండలైనా సూద్దువు కదా. ఎందుకు సెప్పనేదు కాసులూ?"

ఆమె ఐసు చల్లడం ఆపి నావైపు తిరిగింది. కొంచెం పక్కకి, నా చెవి ఉండే చోటికి.

"నువ్వు పాట కొట్టీసినావు కదా మావా," అంది. "కొట్టీసిన పాట తెరవరు కదా."

అంతే అంది. బుట్ట నెత్తికెత్తమని చిట్టెమ్మని పిలిచింది.

ఆ తరవాతవి చెప్పేదేముంది. ధనశ్రీ ఏడ్చింది, నన్ను తిట్టింది, తల్లిని తిట్టింది, తనని తాను తిట్టుకుంది. ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. చూపు రాలేదు. ముందే వస్తే ఏమయ్యేదని అడిగాను. చెప్పలేమండి అన్నాడు డాక్టరు, జాలి పడి. ఉమాశంకర్‌గారు వచ్చి, ఆ రోజు తను ఆపి ఉండాల్సిందని చేతులు నలుపుకున్నారు. "నేను చెప్పబోయానండి, మంచు ఏడాదికేడాదికీ మారుతుంది గానీ కొండలు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, ముందు అవి చూపించెయ్యండి అని." అదీ ఆ 'కానీ' తరవాత ఉన్న మాట. పన్నెండు మాటలైనా లేవు. నేను ఆ మాత్రం ఆగలేకపోయాను. ఆగాల్సిన చోట ఆగకుండా, ఆగకూడని దగ్గర జనవరి కోసం ఆగాను.

ప్రయాణం మానేద్దామన్నాను. కాసులమ్మ ఒప్పుకోలేదు. "పాట నీది. సరుకు తీసుకోవాల్సిందే," అంది.

అందుకని జనవరిలో వెళ్ళాం, ఇద్దరమే. ఢిల్లీ రైల్లో రెండు రాత్రులు ఒక పగలు. తరవాత బొమ్మరైలు. ఆ దారిలో వందకి పైగా సొరంగాలున్నాయి. చప్పుడు మారడం నాకంటే ముందు ఆమెకి తెలిసేది. "సొరంగం" అని చెప్పేది, వెంటనే చీకటి పడేది. అందులో ఉన్నంతసేపూ మేమిద్దరం సమానం. బయటికి రాగానే ఆమె అడిగేది, "ఏటుంది?" నేను చెప్పేవాణ్ణి. కొండ. లోయ. దేవదారు చెట్లు. ఇంకో కొండ మీద ఇళ్ళు, ట్రేలో చేపలు పేర్చినట్టు, వరస మీద వరస. "ఈటిని వేసవిలో కూడా సూడొచ్చునంటావా?" అని అడిగింది ఒకసారి, ఊరికే. సూడొచ్చు అన్నాను. ఆమె తలూపింది.

సిమ్లాలో మూడు రోజులు మంచు పడలేదు. చలి మాత్రం ఎముకల్లోకి పోయింది. టీ కొట్టువాణ్ణి అడిగితే, ఈమధ్య ఏళ్ళలో ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారన్నాడు. చెబితే కాసులమ్మ నవ్వింది. "మంచిదే. మనకోసమని పడితే సిగ్గేసీది."

నాలుగోరోజు తిరుగు ప్రయాణం. సామాను గదిలో సర్దేసి, టాక్సీకి ఇంకా గంట ఉందని, కొండ నడుం మీద పెద్ద మైదానంలా ఉండే చోట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె మరూన్ స్వెట్టరు, కోతిటోపీ. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగి ఉంది. గాలి ఆగిపోయింది. ఆ జనంలో కూడా ఏదో చప్పుడు తగ్గింది.

ఆమె మోచేతి మీద తెల్లటిది ఒకటి వాలింది. ఆ పక్కన ఇంకోటి. తల ఎత్తాను. ఆకాశమంతా రాలుతోంది. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ఎవరూ కొట్టకుండా, ఎవరూ కొనకుండా.

నోరు తెరిచాను. ముప్పయ్యేళ్ళు హార్బరు దద్దరిల్లేలా అరిచిన నోరు. మాట రాలేదు.

"మావా, జనం కేకలేత్తన్నారేటి?"

"పడతన్నాది," అన్నాను.

ఆమె చేతితొడుగు ఊడదీసి, అరచెయ్యి చాపింది. ఒకటి పడింది. ఇంకోటి. ముప్పయ్యేళ్ళు ఐసు మోసిన చెయ్యి, దేన్నో తూకం వేస్తున్నట్టు మెల్లగా పైకీ కిందకీ ఆడింది.

"బరువు లేదు మావా," అంది. "ఐసుకి బరువుంటాది. దీనికి లేదు."

"లేదు."

"ఇంత తేలికైనదానికా మనం అంతకాలం ఆగినాం?"

నిష్ఠూరం లేదు. నిజంగా ఆశ్చర్యపడుతోంది.

"ఎలగున్నాదో సెప్పు."

"తెల్లగా ఉన్నాది. మన ఉప్పులాగ... కాదు. బోటు మీద పక్షులు లేచినప్పుడు ఈకలు రాలతాయి సూడు, అలగ... అదీ కాదు."

"నీకు సెప్పడం రాదు," అంది. "నీకొచ్చిందే సెయ్యి. పాట పెట్టు."

"ఎవులికే? బేరగాళ్ళేరి?"

"నానున్నాను కదా."

లేచి నిలబడ్డాను. ఎదురుగా ఎవరో కొత్తజంట ఫోటోలు తీసుకుంటున్నారు. గొంతు సవరించుకున్నాను. నేను పాట ఎత్తుకున్నా ఆ రోజు ఒక్క పక్షీ లేవలేదు, అంత చిన్న గొంతు అది.

"సిమ్లా సరుకమ్మా. జనవరి మంచు. పైనించి పడే సరుకు. ఎవులిది పాట?"

"నాది."

"ఎంత?"

"ఆ రోజు సెప్పిందే. ఇప్పుడే."

"ఇప్పుడే," అన్నాను. "ఒకటోసారి."

ఆమె అరచేతిలో పడిందల్లా పడినట్టే నీళ్ళవుతోంది. ఆమె కదపకుండా పట్టుకుంది.

"రెండోసారి."

అక్కడ ఆగిపోయాను. పైపాట కోసం కాదు. పైపాట లేదని నాకు తెలుసు. ఆమె మొహం నావైపు ఎత్తి కూర్చుంది. కనురెప్పల మీద మంచు వాలుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు. కాసేపు ఆగింది, నేనంటానని.

"మూడోసారి," అంది కాసులమ్మ. గుప్పిట మూసింది.

వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు, ఆమె చేపలబుట్ట అడుగునుంచి కారినట్టే, ఒక్కొక్క చుక్కా కారాయి.